అత్తగారి పాత్రలో నేను

ఒక్క చిన్న వీడియోతో రెండు కుటుంబాల మధ్య నిప్పు ఎలా పెట్టాలో తెలుసుకోవాలంటే నా దగ్గరికి రండి. ఫీజు అక్కర్లేదు. ఆ విద్య నాకు పుట్టుకతో వచ్చింది.

అప్పటికి నేను బాన్సువాడలో కొత్తగా యూట్యూబ్ ఛానల్ పెట్టి, కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పొద్దున రాసిన స్క్రిప్టు మధ్యాహ్నానికి నాకే నచ్చేది కాదు. నా పాత్రలన్నీ ప్రభుత్వ ప్రకటనల్లా మాట్లాడేవి. ఆన్‌లైన్లో పాఠాలు చెప్పే ఒకాయన, "డైలాగులు పుట్టించకండి, మీ ఇంట్లో వినండి" అన్నాడు. ఆయనకేం, ఆయన మా ఇంట్లో లేడు.

మా ఇంట్లో వినడానికి కొదవా? పిట్లంలో ఉండే అక్క అత్తగారి గురించి, పొయ్యి వెలిగించింది మొదలు కూర దించేదాకా అమ్మ చెబుతూనే ఉంటుంది. "బిడ్డకు ఒడిబియ్యం పోసిననాడు ఆమెకు గూడ చీర పెడ్తిమి. అంచు తిప్పి తిప్పి చూసింది. దుకాణపోడు గూడ గంతగనం చూడడు!" ఏడాది తిరిగేసరికి ఆ చీరే, వాళ్లింటి ఫంక్షన్లో, అమ్మకే తిరిగొచ్చింది.

ఉల్లిగడ్డలు తరుగుతున్నట్టు నటిస్తూ అంతా విని, రాసేశాను. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. రెండు పాత్రలూ నేనే. తలకు తువ్వాలు కప్పుకుంటే పిల్ల తల్లి, అంటే కోడలి కన్నతల్లి; చీర కడితే అత్త. అత్తకు కాస్త దర్జాగా ఉండాలని అమ్మ పెట్టె తెరిచి, అడుగున మడత నలగని ఉల్లిపొర రంగు చీర ఒకటి లాగాను. మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. నాకు కాలేదు. ఆ రాత్రే వీడియో ఛానల్లో పెట్టేశాను.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్. "నీకు దిమాక్ ఉందారా?"

"ఏమైందక్కా? పేర్లు మార్చిన గదా!"

"పేర్లు మారిస్తె ఏంది? నువ్వు కట్టుకున్నది గా చీరనే! అత్తమ్మ వీడియో ఆపి, పెద్దగ చేసి చూసింది. చెప్పులేసుకొని బస్సెక్కింది."

"యాడికి?"

"మనింటికే! ఇగ నన్ను ఈడ ఉంచుకుంటరో, సంచి సదిరి పంపుతరో." అక్క ఏడ్చేసింది.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ ఇంట్లో కుదురుకోవడానికి అక్క ఎంత ఓర్చుకుందో నాకు తెలుసు. ఇంటిగుట్టు లంకకు చేటంటారు, మా ఇంటిగుట్టు ఏకంగా ఛానలెక్కింది.

"తీసెయ్‌రా దాన్ని!" అంది అమ్మ. నేను ఫోన్ అందుకోగానే, "వద్దు, తీసేస్తె తప్పు ఒప్పుకున్నట్టే!" అంది. మళ్లీ, "తీసెయ్!" ఏ ఆటో చప్పుడైనా నేను గేటు దాకా పోవడం, వెనక్కి రావడం.

చివరికి ఒక ఆటో ఆగింది. "కూసో వదినె" అని అమ్మ మంచినీళ్లిచ్చింది. అత్తమ్మ ముట్టలేదు. ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"వీడియో కింద ఏం రాసిన్రో చదువు బిడ్డా. మీ అమ్మ గూడ వినాలె."

గొంతు సవరించుకున్నాను. "'అత్త ఇరగదీసింది.' 'అత్తమ్మ మాట్లాడ్తుంటె ఇంకా వినాలనిపిస్తుంది.' 'పిల్ల తల్లి ఊకె ఏడుస్తది, తలనొప్పి.'"

"గా ఆఖరుది మళ్ల చదువు" అంది అత్తమ్మ.

జరిగిందేమిటంటే, చెడ్డ అత్తను పండగలా రాశాను. మంచి తల్లిని మాత్రం ఆవలిస్తూ రాశాను. చూసినవాళ్లు అత్తకే అభిమానులైపోయారు.

"మా గల్లీల ఆడోళ్లంత పొద్దుగాల్నుంచి మా ఇంటికే వస్తుండ్రు" అంది అత్తమ్మ, కుర్చీలో సర్దుకుంటూ. "గని నువ్వు నా లెక్క నడుస్తలెవ్వు. రెండోది ఎప్పుడు తీస్తవ్? ఈపారి అత్త నేనే. మా కోడలు ఫోన్ పట్టుకుంటది."

అక్క కాపురం నిలబడింది. నా ప్రాణం లేచొచ్చింది. వెంటనే అమ్మ కూడా లేచింది.

"గామెను రాణి లెక్క చూపెడ్తివి. కన్నతల్లిని తలనొప్పిని చేస్తివా?" అంటూ చీపురు అందుకుంది.

ప్రహరీగోడ దూకుతూ, పైనున్న దేవుళ్లందరి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇకమీదట నా కథల్లో అత్తలుండరు, తల్లులు అసలే ఉండరు. నేను రాసే ప్రతి మనిషీ అనాథ, ఆపైన బ్రహ్మచారి.