తూటా తగలని రెక్క

మా ఇంటికి వచ్చినవాళ్లు ముందుగా గోడమీది చెక్క రెక్కనే చూస్తారు. "ఏదైనా ఆయుధమా?" అంటారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆయుధం కాదు. ఆయుధాలన్నీ దానిమీదే గురిపెట్టారు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా నాన్న, మావైపు సముద్రపొడ్డున దిగిన తెల్లవాళ్ల తుపాకీ దళం దగ్గర కూలీ. విమానాలను కూల్చేవాళ్లకు గురి కుదరడానికి అక్కడ ఉత్త రాకెట్లు పైకి వదిలేవారు. ఎగరడానికి సరిపడా మందే తప్ప లోపల పేలేదేమీ ఉండేది కాదు. దూరానికి కనిపించాలని తోకకు చాటంత చెక్క రెక్కలు. రాకెట్టును పట్టాలమీదికి ఎక్కించి, నిప్పంటించే వేళకు గుంటలోకి దూకడం నాన్న పని. అది సముద్రంమీదికి దూసుకుపోతుంటే తుపాకులన్నీ ఒక్కసారిగా మోగేవట. నాన్న మాత్రం లోలోపల రాకెట్టు పక్షం. ఒకసారి ఒకటి గాలికి దారితప్పి ఇసుకలో కూలింది. దానికి ఒక్క తూటా తగల్లేదు. దాని రెక్క ఊడదీసి దాచుకుని, తర్వాత కలకత్తా రేవులో పనికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నాడు.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన కొత్తలో ఒక విశ్వకర్మ పూజ. రేవు పక్కన వాట్‌గంజ్‌లో మా తెలుగు కూలీల లైనువాళ్లు ఆరోజు ఎవరి పనిముట్టు వారు దేవుడి ముందుంచి బొట్టు పెట్టేవారు. నాన్న ఏటా బస్తాలెత్తే కొక్కెంతోపాటు ఈ రెక్కనూ పెట్టేవాడు. ఆ ఏడు పూజ కమిటీకి కొత్త పెద్ద వచ్చాడు. మావైపు మనిషే, యూనియన్‌లో ఎదిగాక అందరికీ దాదా అయిపోయాడు.

"మావా, ఇదేటి? తెల్లోడి యుద్ధం సామాను దేవుడి ముందరెడతావా? తియ్యి," అన్నాడు.

"ఏటా పెడతన్నదే కదా," అన్నాడు నాన్న.

"ఇకనుంచి మనిసికొక పనిముట్టే. కొక్కెం ఉంచు, అది తియ్యి."

లైనంతా చూస్తోంది. దాదాకు ఎదురు చెబితే మర్నాడు పనిలోకి పిలుపు రాదని అందరికీ తెలుసు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నాన్న వంగాడు. ఆయన తలొంచాడనుకుని నాకు ఏడుపొచ్చేసింది. కానీ ఆయన రెక్కను ముట్టుకోలేదు. మాకు అన్నం పెడుతున్న కొక్కేన్ని తీసి భుజాన తగిలించుకున్నాడు.

"ఈ కొక్కెం ఎవలిది దాదా? కంపెనీది. పొమ్మన్ననాడు లాక్కుంటారు. ఆ రెక్క నాది. అంతమంది కాల్చినా దానికి తగల్నేదు."

"అదీ ఒక పనిముట్టేనేటి?"

"దెబ్బ తప్పించుకోడమే దాని పని. మన పనీ అదే కదేటి."

అనుకున్నట్టుగానే మర్నాడు పిలుపు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఇంట్లో గంజి తాగాం. నాన్న మాత్రం దాదా గుమ్మం తొక్కలేదు. ఆయన మీద నాకు అంత గర్వం మళ్లీ ఎప్పుడూ కలగలేదు. వారం తిరిగాక రేవులో ఓడలు ఎక్కువై మనుషులు చాలకపోతే వాళ్లే పిలిచారు. మరుసటి ఏడు పూజకు నాన్న కొక్కెం ఇంట్లోనే వదిలేసి, రెక్క ఒక్కటే పట్టుకెళ్లాడు. ఎవరూ తియ్యమనలేదు.

నాన్న పని మానేసిన రోజున కొక్కేన్ని కంపెనీ నిజంగానే తీసేసుకుంది. రెక్క ఇప్పుడు కలకత్తాలోనే భవానీపూర్‌లో నా గోడమీద ఉంది. ఆయుధమా అని అడిగినవాళ్లను దగ్గరికి పిలిచి, దానిమీద చెయ్యి పెట్టి తడమమంటాను. ఎక్కడైనా ఒక్క చిల్లు దొరికితే చూపించండి.