జొన్నరొట్టెలకు రావచ్చును

మా ముత్తాతను ఏనుగు దొర అనేవారు. (ఏనుగు మాది కాదు, ఎవరిదో ఏనుగు ఒకసారి మా ఇంటి ముందు ఆగి నీళ్లు తాగి పోయిందట.) చుట్టుపక్కల ఊళ్ల తగాదాలన్నీ ఆయన అరుగు మీదే తెగేవి. తాత బగ్గీ దొర. నాయిన నాటికి మిగిలినవి ఒక పాత స్కూటరు, నిటారుగా నడిచే అలవాటు. వీరెవరూ తమ నోటితో ఒకరిని "రండి" అని పిలిచిన దాఖలా లేదు. తాత గొంతు సవరించుకుంటే చాలు, కావలసిన మనిషి వచ్చి నిలబడేవాడట. పెద్దమనుషులెవరైనా వస్తామని కబురు పంపితే "రావచ్చును" అని జవాబు వెళ్లేది. అంటే మా ఇంట్లో ఉన్నవి రెండే పిలుపులు: గొప్పవారికి "రావచ్చును", మిగతా లోకానికి "ఏయ్, ఇటు రా".

తెలంగాణ వచ్చిన కొత్తలో, ఒక డిగ్రీ పట్టా, రెండు ఇస్త్రీ చొక్కాలు, ఈ రెండు పిలుపులు వెంటబెట్టుకుని ఉద్యోగం కోసం షాద్‌నగర్ చేరాను. ఎక్కడ చూసినా కొత్త కంపెనీలు, కొత్త దుకాణాలు. ప్రతి దుకాణం సంగతీ ఊరంతా తిరిగి చెప్పడానికి మైకు ఆటోలుండేవి. వాటికి మాటలు రికార్డు చేసే గది యజమానిని అందరూ మైకు చాచా అనేవారు. ఆయన నా పట్టా చూడలేదు. నేను నమస్కారం పెట్టగానే, "బేటా, నీ గొంతుల వజన్ ఉన్నది. రాసుడు నువ్వే, సదువుడు నువ్వే," అన్నాడు.

నాకు దొరికిన మొదటి పని రొట్టెల అక్కది. మర్రిగూడ దిక్కు మనిషి. వాన మీద ఆశతో పత్తి వేసి వేసి విసిగిపోయి, ఉన్న మేకలన్నీ అమ్మి, బస్టాండు పక్కన ఒక రేకుల డబ్బా కొట్టు కిరాయికి తీసుకుని జొన్నరొట్టెల దుకాణం పెట్టింది. "తమ్మీ, గిది నడిస్తే పిల్లను ఈడనే బడిల ఏస్త. నడవకుంటే ఇద్దరం మళ్ల పత్తి చేనుకే," అని చెప్పి, మిగతాది నా చేతిలో పెట్టి వెళ్లింది.

నేను ప్రాణం పెట్టి రాశాను. "మహాజనులకు తెలియజేయునది ఏమనగా, బస్టాండు చెంత మేలైన తెల్లజొన్నల రొట్టెలు వేడివేడిగా లభించుచున్నవి. అభిరుచి గలవారు రావచ్చును." చాచా విని గడ్డం గీరుకుని, జబర్దస్తుగా ఉంది గానీ ఏదో తక్కువైందన్నాడు. (సంగీతం తక్కువైందనుకుని వెనక సన్నాయి పెట్టాను.) ఆటో ఊరంతా తిరిగింది. జనం ఎంతో మర్యాదగా విన్నారు. కొందరు నల్లా నీళ్ల సంగతనుకున్నారట. హోటలు ముందు ఒక పెద్దాయన ఎవరు పోయారోనని తలకు చుట్టిన తువాలు తీశాడట. రొట్టెకు మాత్రం ఒక్కరూ రాలేదు.

మధ్యాహ్నం జనసందోహాన్ని చూద్దామని ఠీవిగా వెళ్లాను. తాంబాళంలో కలిపిన పిండి ఎండి పగుళ్లు వారింది. అక్క, పిల్ల కూర్చుని ఒకే రొట్టె చెరిసగం చేసుకుంటున్నారు. నన్ను చూడగానే అక్క లేచింది. వేడి రొట్టె చేసి, పచ్చిమిర్చి తొక్కు వేసి నా ముందు పెట్టింది. "తిను తమ్మీ. తినేటోళ్లు ఎవలన్న ఉండాలె గద," అంది. ఆమె తిట్టి ఉంటే ఆ రొట్టె సులువుగా దిగేది.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి మైకు నేనే పట్టుకున్నాను. చౌరస్తాలో ఎర్ర చొక్కా కుర్రవాడొకడు మోటారు సైకిలు ఆపి, నేను చదివినదంతా శ్రద్ధగా విని, అక్కడే నిలబడ్డాడు.

"మంచిగ చెప్పినవన్నా. అయితే ఇప్పుడు నన్నేం జెయ్యమంటవ్?"

ఎవరూ నన్ను అంత సూటిగా అడగలేదు. "వచ్చి తినండి" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది. అది అంటే చెయ్యి చాచినట్టేనని నా లెక్క. అవతల అక్క పొయ్యి ముట్టించి కూర్చుంది. కుర్రవాడు చూస్తున్నాడు. మైకు ఆన్‌లో ఉంది. చివరికి మా వంశపు రెండో పిలుపు బయటపడింది.

"ఏయ్, ఎర్ర అంగీ! బండి పక్కకు పెట్టు. పో, పోయి రెండు రొట్టెలు తిను. తిన్నాకనే కదులు."

చౌరస్తా అంతా ఇటు తిరిగింది. తర్వాత నవ్వులే నవ్వులు. "సరే దొరా," అని కుర్రవాడు నిజంగానే వెళ్లాడు. ఆటో డ్రైవరు హుషారై, ఆ గొడుగామెను కూడా పిలవమన్నాడు. పిలిచాను. కూరగాయల సంచి ఆయన్ని పిలిచాను. దొర తిండికి హుకుం ఇస్తున్నాడని జనం వింతగా ఆటో వెంట అక్క డబ్బా దాకా వచ్చారు.

తినేవాళ్లలో, కంపెనీ గేటు దగ్గర కాపలా ఉండే మా ఊరి ముసలాయన ఒకడున్నాడు. "నువ్వు బగ్గీ దొర మనుమడివి గద. గదే గొంతు," అన్నాడు. నా వెన్ను ఇంకాస్త నిటారైంది. ఆయన తాపీగా రొట్టె తుంచుకుంటూ అన్నాడు:

"మీ తాత పిలిస్తే మా నాయిన ఎట్టిచాకిరికి పోతుండె. కూలి లేదు, బువ్వ లేదు. నువ్వు పిలిస్తే నేను రొట్టెకొచ్చిన. జర తొక్కు ఎక్కువెయ్యమను."

నేను ఎవరికీ చెప్పలేదు. గరిటె తీసుకుని నేనే వేశాను. (మా ఇంటి మగవాళ్లు ఒకరికి వడ్డించడం అదే మొదలనుకుంటాను.)

ఆ సాయంత్రం పిండి తాంబాళం ఖాళీ అయ్యాక, "రేపు గూడ పిలువు తమ్మీ, గని జర మెత్తగ," అని అక్క నవ్వింది. కొత్తగా రాశాను: "అక్కా, అన్నా, బస్టాండు పక్కకే రండి. రొట్టె పెనం మీదుంది, ఇప్పుడే వచ్చి తినిపోండి." చాచా విని, నిన్న తక్కువైంది ఇదేనన్నాడు.

ఆమె పిల్ల షాద్‌నగర్ బడిలోనే చదువుకుంది. నాకిప్పుడు సొంతంగా ప్రకటనల ఆఫీసు ఉంది. వెన్ను ఇప్పటికీ నిటారుగానే ఉంది. మనిషిని పిలవడానికి దాన్ని వంచనక్కర లేదని నాకు తెలిసేలా చేసినవాళ్లు ఒక రొట్టెల అక్క, ఒక చాచా, ఒక ముసలాయన. వాళ్లను తలుచుకోని రోజు తక్కువ. ఇస్త్రీ చొక్కాతో ఊరు దిగిన అప్పటి నేను గుర్తొస్తే మాత్రం పాపమనిపిస్తుంది, నవ్వూ వస్తుంది.

పోయినేడు మా ఊళ్లోని తాతల నాటి ఇల్లు అమ్మాల్సి వస్తే ఆ ప్రకటన నేనే రాశాను. "వచ్చి చూసుకోండి" అన్న చివరి ముక్క రాయడానికి చెయ్యి ఆగలేదు. ఇల్లు ఒక కోళ్లఫారం ఆయన కొన్నాడు. దూలాలు, పెద్ద దర్వాజా విడిగా అమ్ముడుపోయాయి.