సంతకం పెట్టేవాళ్లు లేని అపార్ట్‌మెంటు

మా అపార్ట్‌మెంటు అసోసియేషన్‌ను కూలదోసినవాళ్లను నంద్యాలకు పిలిపించింది నేనే. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే వాళ్లను తిట్టబోతున్నాను. ఆ తిట్లలో నా వాటా నాకు రావాలి.

నేను పుట్టింది, టీచరుగా చేరింది ఆళ్లగడ్డలో. రిటైరయింది నంద్యాలలో. ఇక్కడే రెండో అంతస్తులో ఒక ఫ్లాటు కొనుక్కున్నాను. మా అసోసియేషన్ ప్రెసిడెంటు ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. ఆయనకు నోటీసులంటే ప్రాణం. లిఫ్టులో ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, మోటారు గది తలుపు మీద ఇంకొకటి. ఒక వేసవిలో నేను పైన డాబా మీద ఎండుమిరపకాయలు ఆరబోశాను. డాబా అందరిదీ అని నోటీసు అంటించి, నా మిరపకాయలు మూట కట్టించి నా గుమ్మం ముందు పెట్టించి, డాబాకు తాళం వేయించాడు. అప్పటి నుంచి ఆయన మొహం చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

అన్నిటికన్నా కింద, పార్కింగు పక్క ఫ్లాటులో టైలరమ్మ ఉండేది. ఆళ్లగడ్డలో ఆరో తరగతి నా దగ్గరే చదివిన ముస్లింల పిల్ల. భర్త కువైట్‌లో డ్రైవరుగా చేసి ఈ ఇల్లు కొని, దాంట్లో ఎక్కువ రోజులు ఉండకుండానే చనిపోయాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఆమె ఎడమ కాలు సన్నబడింది. మెట్లెక్కలేదు. బజారులో అంగడి పెట్టుకుని రోజూ పోయి రావడం ఆమె వల్ల కాదు. అందుకే ముందు గదిలో మోటారు మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది, చీరలకు ఫాల్ వేసేది. పార్కింగు వైపు గోడకు ఒక తలుపు తీయించి, పైన రేకు వేయించి, వచ్చినవాళ్లు కూర్చోవడానికి బెంచీ పెట్టింది. రూలు ప్రకారం ఇళ్లలో వ్యాపారం చేయకూడదు, ఆ రేకూ ఉండకూడదు. అది అందరికీ తెలుసు. ప్రెసిడెంటుకు ఇంకా బాగా తెలుసు. ఆయన భార్య జాకెట్లు కూడా అక్కడే కుట్టించుకునేది. అందరం చూసీ చూడనట్టు పోయేవాళ్లం. ఆమె బతుకు ఆ చూడనట్టు పోవడం మీదే నడిచేది, ఆ సంగతి నాకు అప్పట్లో అర్థం కాలేదు.

మొదటి అంతస్తులో కొత్తగా దిగినవాళ్లకు మిషను చప్పుడుకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదట. గొడవ చేశారు. మర్నాడు లిఫ్టు పక్కన నోటీసు పడింది, ఫ్లాట్లలో వ్యాపారాలు చేయరాదని. నేను రుసరుసలాడుతూ కిందికి దిగాను. ఆమె హుక్కులు కుడుతూ తల కూడా ఎత్తలేదు.

"ఆయప్ప నిన్ననే వచ్చి చెప్పి పోయినాడు టీచరమ్మా. పైనోళ్లు అరుస్తాండారు, అందుకని అంటిస్తాండా, నువ్వేం మనసులో పెట్టుకోవాకు అన్యాడు. రెండు నుంచి నాలుగు దాకా మిషను ఆపితే సాలంట."

"ఆపేదేందిమే? ఇల్లు నీది. ఆయప్పెవురు చెప్పనీకి?"

"పోనీండి. నాక్కూడా నడుం వాల్చుకునేకి అవుతాది."

ఆమె పోనిచ్చింది. నేను పోనివ్వలేదు. అసోసియేషన్ల పెత్తనం మీద పోరాడే సంఘమొకటి ఉందని ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను అప్పటికే. ఊరూరా తిరిగి, 'ఇల్లు మాది, పెత్తనం మీదా' అని బ్యానర్లు కట్టేవాళ్లు. వాళ్లకు ఫోన్ చేశాను. ఒక ఆదివారం ముగ్గురు కారులో వచ్చారు. నాయకుడు చక్కగా మాట్లాడతాడు, ఎదుటివాళ్లు చెప్పేది తల ఊపుతూ వింటాడు. నా మిరపకాయల కథ అంతా విని, "మేడం, మిరపకాయలకు జనం కదలరు. నిజంగా నష్టపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

నేను వాళ్లను కింది ఇంటికి తీసుకుపోయాను. ఆ నిమిషంలో నాకు ఆమె మీద జాలి లేదు, పోరాటం మీద భక్తీ లేదు. ప్రెసిడెంటుకు బుద్ధి చెప్పే దారి దొరికిందని సంతోషం, అంతే.

"నాకెందుకివన్నీ టీచరమ్మా" అని ఆమె రెండుసార్లు అంది. చదువు చెప్పిన టీచరు ముందు నిలబడి సంతకం పెట్టమంటే కాదనడం ఆమె వల్ల కాలేదు. ఇంట్లో కుట్టుపని చేసుకునే హక్కును గుర్తించాలని మున్సిపాలిటీకి అర్జీ రాశారు. ఆమె తలుపు దగ్గర నుంచి మిషను దాకా కుంటుతూ నడుస్తుంటే వీడియో తీశారు. మొదటిసారి వెలుతురు చాలలేదని ఇంకోసారి నడిపించారు. నేను పక్కనే నిలబడి చూశాను.

అర్జీ పోయిన కొన్నాళ్లకు మున్సిపాలిటీ నుంచి ఒకామె వచ్చింది. రేకు చూసింది, గోడకు తీసిన తలుపు చూసింది, తలపట్టుకుంది. "అర్జీ ఇయ్యకపోయింటే నేనెందుకొస్తానమ్మా? వచ్చినాక సూడలేదంటే నా ఉద్యోగం పోతాది" అంది. రేకు తీసేయాలి. తలుపు మూసేయాలి. కుట్టుపని చేయాలంటే ఇంటి కరెంటు మీటరు మార్చి అంగడి మీటరు పెట్టుకోవాలి. దానికి అసోసియేషన్ అభ్యంతరం లేదని లెటరు ఇవ్వాలి, సంతకంతో, సీలుతో.

ఆ లెటరు గురించి అడిగేలోపే సంఘం వాళ్లు మా మీటింగుకు బ్యానరుతో వచ్చారు. వీడియో తీస్తూ అందరి ముందూ ప్రెసిడెంటును నియంత అన్నారు. ఆయన పెద్దగా వాదించలేదు. రిజిస్టరు, తాళాలు, సీలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. సెక్రటరీ కూడా వెనకే లేచాడు. సంఘం వాళ్లు చప్పట్లు కొట్టి లడ్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను.

వారం తర్వాత లెటరు కాగితం పట్టుకుని ఆయన తలుపు కొట్టాను. తలుపు పూర్తిగా తెరవకుండానే, "నేను ప్రెసిడెంటును కాదు కదా టీచరమ్మా. మీరే దింపితిరి. ఇప్పుడు నేను సంతకం పెడితే అది దొంగ సంతకమైతాది" అన్నాడు. ఆయన మాటలో కక్ష లేదు. ఉండుంటే తిట్టి వచ్చేదాన్ని. తర్వాత ఇంటింటికీ తిరిగాను, ఎవరో ఒకరు ప్రెసిడెంటుగా నిలబడండని. వీడియోలో పడి తిట్లు తినడానికి ఎవరు ముందుకొస్తారు? నేనే ఉంటానన్నాను. సంఘాన్ని పిలిపించింది నేనేనని నన్ను ఎవరూ ఒప్పుకోలేదు. చేయించే మనిషి లేక నీళ్ల ట్యాంకు కడగడం కూడా ఆగిపోయింది.

నాయకుడికి ఫోన్ చేశాను. "అసలు అసోసియేషన్ లెటరు అడగడమే అన్యాయం మేడం. దాని మీదే మన పోరాటం. మనమే ఆ లెటరు తెచ్చుకుంటే మన మాటకు విలువేముంటుంది?" అన్నాడు.

"మరి అంతదాకా ఆమె ఎట్లా బతకాల?"

"పోరాటాల్లో కొంచెం ఓపిక పట్టాలి మేడం."

ఓపిక పట్టాల్సింది ఎప్పుడూ ఇంకొకరే. అసోసియేషన్లలో చిన్నబుద్ధి మనుషులు ఉంటారు, నేను కాదనను. మిరపకాయల మూట నాకింకా గుర్తుంది. కానీ ఈ పోరాడేవాళ్లు నోటీసు అంటించే చేతినే చూస్తారు. అదే చెయ్యి నీళ్ల మోటారు వేయిస్తుందని, పైవాళ్లకూ కిందివాళ్లకూ సర్ది చెబుతుందని వాళ్లకు పట్టదు. దాన్ని విరిచేసి, వీడియో పెట్టి, చేతులు దులుపుకుని ఇంకో ఊరికి పోతారు. ఆ వీడియో ఇప్పటికీ ఉంది. 'నంద్యాలలో విజయం' అని దాని పేరు.

రేకు తీసేశారు. తలుపుకు ఇటుకలు పెట్టారు. లెటరు రాక మిషనూ ఆగిపోయింది. ఆమె ఇల్లు బాడుగకిచ్చి ఆళ్లగడ్డలో అన్న ఇంటికి పోయింది.

మొన్నీమధ్య బస్సెక్కి పోయి చూశాను. శిల్పాలు చెక్కే షెడ్ల వెనక ఇరుకు ఇల్లు అది. రోజంతా రాయి కోసే చప్పుడు, తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో ఎవరి పట్టుజాకెట్టు కుడుతుంది? మిషను మీద దుప్పట్లు మడిచి పెట్టారు. వదిన ముందు ఆమె మెల్లగా మాట్లాడుతోంది, పరాయి ఇంట్లో ఉన్నట్టు.

"మళ్లీ అందరితో మాట్లాడతానుమే. ఎట్లైనా కమిటీ ఏయిస్తా. కలెక్టరాఫీసుకు పోతా" అన్నాను.

ఆమె టీ గ్లాసు నా చేతికిచ్చింది. కోపం లేదు ఆ మొహంలో.

"మీరు నాకోసం ఇంగేం చేయాకండి టీచరమ్మా."

ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. టీ తాగేసి, సరే అని చెప్పి వచ్చేశాను.