తడి సున్నం కింది మాటలు

మా బిడ్డ పదో తరగతి ఇంగ్లీషులో ఒకసారి తప్పింది. మళ్లీ రాయడానికి నిడమనూరు నుంచి మిర్యాలగూడకు బస్సులో ట్యూషన్‌కు వెళ్లేది. ఒకేలా కనిపించే మాటలే దాన్ని తికమక పెట్టేవి. పక్కపక్కన చదివితే రెండూ ఒకటైపోతున్నాయని, బొగ్గు ముక్కతో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో గోడలకెక్కించింది. జంటలో ఒకటి ఈ గోడకు, రెండోది ఆ గోడకు.

వాళ్ల నాయనమ్మ మంచం పక్క గోడకు 'క్వయెట్'.

"నా నెత్తి మీద ఏం రాసినవే?" అని మా అత్త అడిగింది.

"సప్పుడు చేయకు అని రాసిన" అని నవ్వింది.

దాని జంట 'క్వైట్', అంటే 'బాగా' అని, వడ్ల గుమ్మి వెనక. ఇచ్చింది పుచ్చుకోవడం 'యాక్సెప్ట్', అది వాకిలి దగ్గర. పొయ్యి మీది గోడకు 'ఎక్సెప్ట్'.

"గిదేందే?" అన్నాను.

"తప్ప అని అమ్మా. అందరు తిన్నరు, నువ్వు తప్ప. గందుకే నీ పొయ్యికాడ రాసిన."

నాకప్పుడు అక్షరం రాదు.

పరీక్షలు దగ్గరపడ్డాక దానికి కామెర్లు వచ్చాయి. సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. ప్రాణంతో తిరిగి రాలేదు.

దినాలకు ముందు ఇంటికి సున్నం వేయాలన్నారు.

"పొయ్యి గోడ ఒక్కటి ఉండనీ అత్తమ్మా" అని బతిమాలాను.

"మైలపడ్డ ఇల్లు బిడ్డా. ఒక్క గోడ ఎట్ల ఇడుస్తం?" అంటూ ఆమే ఏడ్చింది.

మా ఆయన కుంచె పట్టాడు. తడి సున్నం కింద ఆ మాట ఇంకా నల్లగా కనిపిస్తూనే ఉంది. ఆరేకొద్దీ గోడ తెల్లబడింది. ఏ గీత ఎటు వంగిందో చూస్తూ పొయ్యి ముందే నిలబడ్డాను. ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసిన రెండు కట్టెపుల్లల్లాంటి అక్షరం చివరిదాకా ఉంది. తర్వాత అదీ పోయింది.

కొన్నేళ్లకు కోదాడకు మారాం. అక్కడ వయోజనుల బడిలో తెలుగు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మా మరిది కూతురి పక్కన కూర్చుని దిద్దాను. ఒకరోజు దాని పుస్తకంలో ఆ కట్టెపుల్లల మాట కనిపించింది. పక్కనే దాని జంట.

"పెద్దమ్మా, ఇవి రెండూ ఎట్లా గుర్తుపెట్టుకోవాలి?"

"ఒకటి వాకిలికాడ ఉంటది. ఒకటి పొయ్యికాడ."

"ఏ పొయ్యి?" అంటూ ఆ పిల్ల మా కిరసనాయిలు స్టవ్వు వైపు చూసింది.