పరదాకు ఇవతలి సగం

“వాళ్ల సూదికి బంగారం తొడిగినవా సేఠ్? వాళ్లది గదే జరీ, మాది గదే జరీ. మరి కూలి ఎందుకు వేరే?”

“అరే, మొగోళ్లు సంసారం ఈడ్చేటోళ్లమ్మా. మీరేమో చేతిఖర్చుకు వస్తరు.”

“చేతిఖర్చా! ఒక్కసారి మా ఇంటికి వచ్చి చూడు, ఈ చేతిల ఏం మిగులుతదో. కిరాయి, కరెంటు, బియ్యం, అన్నీ గీ చెయ్యే ఇస్తది.”

“నచ్చకపోతే మానెయ్ ఖాజాబీ. నిన్ను ఎవరన్న పట్టుకొచ్చి కూసోబెట్టిన్రా?”

“మానెయ్యనీకి రాలే సేఠ్. అడగనీకి వచ్చిన.”

ఈ మాటలన్నీ నాకు మళ్లీ గుర్తు చేసింది ఒక చిన్న చప్పుడు. మా మేడమీది గదిలోకి ఈ మధ్య ఒక కుటుంబం అద్దెకు దిగింది. ఆ ఇంటి కోడలు పగలంతా జాకెట్ల మీద మగ్గం పని చేస్తుంది. బిగించి కట్టిన బట్టలోకి సూది దిగితే ‘టుప్’ మని ఒక చప్పుడు వస్తుంది. ఎరగని వాళ్లకు అది ఫ్యాను గాలిలో కలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసినదాన్ని, నాకు మాత్రం నిద్ర పట్టనివ్వదు. మధ్యాహ్నం మేను వాల్చగానే పైనుంచి టుప్ టుప్ మంటుంది. కళ్లు మూసుకుంటే మొఘల్‌పురాలోని మా పాత కార్ఖానా కనిపిస్తుంది. అందులో సేఠ్ ఎదురుగా నడుం మీద చేయి పెట్టుకొని నిలబడిన ఖాజాబీ ఆపా కనిపిస్తుంది. వయసులో నాకంటే పెద్ద కాబట్టి నేను ఆపా, అంటే అక్కా, అన్నాను. అక్కడ పనిచేసే ఆడవాళ్లందరికీ, అన్ని మతాల వాళ్లకూ, ఆమె ఆపానే.

కింద అట్టపెట్టెల గోదాము, పైన మా కార్ఖానా. గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పొడవాటి కొయ్య చట్రం. దాని మీద పెళ్లి చీరో, లెహంగానో బిగించి ఉంటుంది. చట్రానికి సరిగ్గా నడుమ, పైకప్పు నుంచి ఒక పచ్చటి పరదా వేలాడేది. అవతల మగవాళ్లు కూర్చునేవారు, ఇవతల మేము. పరదా మనుషులకే, బట్టకు లేదు. దాని కింది నుంచి బట్ట ఇటూ అటూ సాగి ఉండేది. సగం పువ్వులు వాళ్లు కుట్టేవారు, సగం మేము కుట్టేవాళ్లం. ఏ పువ్వు మగవాడిది, ఏ పువ్వు ఆడదానిది అని ఏ పెళ్లికూతురూ అడగలేదు. శనివారం సాయంత్రం కూలి ఇచ్చేటప్పుడు మాత్రం సేఠ్‌కు ఆ తేడా బాగా కనిపించేది.

మా ఆయన గాజుల గోదాములో మూటలు మోసి మోసి మోకాళ్లు పోగొట్టుకున్నాక నేను ఆ మెట్లు ఎక్కాను. నేను చదివింది మూడో తరగతి. సూదిపని తప్ప ఇంకేదీ రాదు. కొత్తదాన్ని కదా, మంచిదాన్ని అనిపించుకోవాలని మొదటి రోజు అందరికంటే ముందే వెళ్లి మూలనున్న చీపురు అందుకున్నాను. ఆపా అప్పుడే వచ్చి కూర్చుంటోంది.

“ఏయ్, ఏం పేరు నీది?”

“రాజమ్మ.”

“రాజమ్మా, ఊడిస్తే కూలి వేరే ఇస్తనన్నడా సేఠ్?”

“లేదు.”

“మరి చీపురెందుకు పట్టినవ్? సేఠ్‌తోని పెండ్లి గిట్ల అయిందా ఏంది నీకు?”

పరదా అవతల నుంచి పెద్దగా నవ్వులు వినిపించాయి. నాకు చెప్పలేనంత సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. ఆమె చెప్పిన తీరు నాకు చాలాకాలం నచ్చలేదు. తర్వాత తెలిసింది, అంతకుముందు ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి గది మొత్తం ఊడ్చి, చెదిరిన పూసలు ఏరి, అందరికీ చాయ్ కాచి, ఆ తర్వాతే సూది పట్టేవారట. మగవాళ్లు వచ్చి తిన్నగా పనిలో కూర్చునేవారు. అందుకే మీ పని తక్కువ, కూలీ తక్కువ అనేవాడట సేఠ్. ఎవరి పక్క వాళ్లు ఊడ్చుకోవాలని ఆపా నెలల తరబడి పోట్లాడి సాధించింది. ఆ సాధించినదాన్ని నేను వచ్చిన మొదటిరోజే చేజార్చబోయాను. ఆమె అరవక ఏం చేస్తుంది?

ఆపా మెత్తటి మనిషి కాదు. కుట్టు వదులైతే మొహమాటం లేకుండా విప్పించేది. ఆలస్యంగా వస్తే సేఠ్ కంటే ముందు ఆమే తిట్టేది. “కూలి అడిగేటోళ్ల పని తప్పు పట్టేటట్టు ఉండొద్దు” అనేది. ఇంకో మాట కూడా పదేపదే చెప్పేది: “ముందు మాట, తర్వాత చెయ్యి.” ఎవరైనా పని ఇస్తే కూలి ఎంతో తేల్చుకోకుండా సూది ముట్టుకోనిచ్చేది కాదు. ఇస్తాలే అన్నవాళ్లకు దండం పెట్టి పంపించేది.

ఆ ఏడాది ఎన్నికలు వచ్చాయి. గల్లీ చివరి ఫంక్షన్ హాల్లో ఆడవాళ్ల సభ పెట్టారు. గోడంత బ్యానరు మీద సమాన పనికి సమాన వేతనం అని రాశారు. కూలి కోసం కొట్లాడే మనిషని ఎవరో చెబితే ఆపాను స్టేజీ ఎక్కించి శాలువా కప్పారు. నాయకుడు చాలాసేపు మాట్లాడాడు. మేమంతా ఆయనకు అక్కాచెల్లెళ్లమన్నాడు. తర్వాత ఆపా చేతికి మైకు ఇచ్చారు.

“సాబ్, మంచి మాట చెప్పినవ్. ఇయ్యాల ఈ హాలు ఊడ్చిన ఆడోళ్లకు, కుర్చీలేసిన మొగోళ్లకు ఒకటే కూలి ఇచ్చిన్రా?”

హాలంతా గొల్లున నవ్వింది. నాయకుడు కూడా నవ్వాడు. “ఆపా అడిగింది రాసుకోండి” అన్నాడు పక్కనున్న అతనితో. అతను ఫోనులో ఏదో నొక్కాడు. ఇంటికి నడుస్తూ ఆపా శాలువా వేళ్లతో నలిపి చూసింది. “బట్ట మంచిగనే ఉంది రాజమ్మా, చలికి పనికొస్తది. మాటలే చలికి ఆగవు” అంది.

కార్మికుల ఆఫీసుకు కూడా తిరిగాం. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. చట్టం ఎప్పటి నుంచో ఉందమ్మా, మీదీ వాళ్లదీ ఒకే పని అని తేలాలి అంతే అన్నాడు. ఆయన చూడటానికి వచ్చే రోజుకు సేఠ్ మగవాళ్లను పనితనమున్న కారీగర్లన్నాడు, మమ్మల్ని హెల్పర్లన్నాడు. ఆయన సేఠ్‌నే అడిగాడు, సేఠ్ చెప్పిందే విన్నాడు, చాయ్ తాగి వెళ్లిపోయాడు. పేరు మారితే పని మారిపోతుందని అప్పుడు తెలిసింది నాకు. అయినా ఆపా అడగటం మానలేదు. శనివారం వస్తే చాలు, కూలి తీసుకునే ముందు అదే మాట అడిగేది. సేఠ్‌కు విసుగొచ్చింది. మాకూ విసుగొచ్చింది, నిజం చెప్పాలంటే.

పెళ్లిళ్ల కాలం మొదలైంది. చట్రం మీద పెద్ద లెహంగా ఒకటి ఉంది. ఒక సాయంత్రం సేఠ్ పరదా పక్కకు లాగి, రెండు వైపులా కనిపించేలా నడుమ నిలబడ్డాడు.

“మీకు సమానమే కదా కావాలె? తీసుకోండ్రి. వచ్చే వారం సంది అందరికీ ఒకటే కూలి. మొగోళ్లది కొంచెం తగ్గిస్త, మీది కొంచెం పెంచుత, నడుమల కలుపుత. ఇగ లొల్లి బంద్.”

పరదా వదిలేసి కిందికి దిగిపోయాడు. ముందుగా అవతల నుంచి జహాంగీర్ గొంతు వినిపించింది. అతను ఆపాకు సొంత తమ్ముడు.

“సంబురమైందా ఆపా? ఇగ మా పిల్లల ఫీజు నువ్వే కట్టు.”

“మా కంచంలనే చెయ్యి పెట్టిన్రు” అన్నాడు ఇంకొకడు.

మా వైపు శ్యామల అనే అమ్మాయి ఉండేది, కొత్తగా పెళ్లయిన పిల్ల. “ఆపా, కొంచెమన్న పెరుగుతది కదా, ఒప్పుకుందాం” అని గుసగుసగా అంది. నేను గుసగుసలాడలేదు, గట్టిగానే అన్నాను. “వచ్చింది వదులుకోవద్దు ఆపా. చేతికొచ్చిన ముద్ద మీద అలగొద్దు.” నా ఇంట్లో ఆ కొంచెమే మందులకయ్యేది.

ఆపా నా వైపు తిరిగింది. “మా తమ్ముని కంచంల నుంచి తీసి నా కంచంల ఏస్తే, అది సేఠ్ పెట్టినట్టా రాజమ్మా? ఆయన జేబు గట్లనే ఉంటది. మనం మనం కొట్టుకొని చావాలె, గంతే.”

లేచి పరదా ఎత్తి అవతలికి వెళ్లింది. అన్నేళ్లలో మాలో ఎవరమూ ఆ పని చేయలేదు. మగవాళ్ల నడుమ చాప మీద కూర్చుంది. పరదా పైకే ఉండటంతో మాకు అంతా కనిపిస్తోంది.

“జహాంగీర్, నీ కూలి తగ్గొద్దు. నాది నీ కాడికి రావాలె. రేపు పొద్దున ఎవ్వరు సూది పట్టకుర్రి. అందరం చేతులు ముడుచుకొని కూసుందాం.”

“సేఠ్ తరిమితే?”

“ఎవల్ని తరుముతడు? అందరినా? గీ పెండ్లి బట్ట ఆయన కుడతడా?”

“మేం చేస్తం, మీరు చెయ్యకుర్రి. మాకేంది?” అన్నాడు ఒకడు.

“మా పక్క నిండకుంటే మీ పక్క తిరగదు భాయ్” అంది ఆపా.

అది నిజమే. బట్ట వెడల్పు మొత్తం ఒకేసారి పైకి కనిపించదు. రెండు పొడవాటి దూలాలకు చుట్టి ఉంటుంది. పైకి కనిపించే పట్టీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిండాకే, రెండు వైపులా తాళ్లు వదులు చేసి, అందరూ కలిసి దూలం తిప్పి, తర్వాతి పట్టీ పైకి తెస్తారు. మా సగం ఖాళీగా ఉంటే వాళ్ల సగం ముందుకు పోదు. మగవాళ్లకు అది తెలియక కాదు. ఎవరూ నోటితో అనలేదు, అంతే.

“చూద్దాం ఆపా” అన్నాడు జహాంగీర్ చివరికి.

మెట్లు దిగుతూ శ్యామల అడిగింది. “చూద్దాం అంటే ఏంది ఆపా? ఒప్పుకున్నట్టేనా?”

“చిన్నప్పటి సంది వానికి చూసుడే పని” అని నవ్వింది ఆపా. ఆ నవ్వులో ఆశ కూడా ఉంది. అది చూశాకే రేపు ఆమె చెప్పినట్టే కూర్చోవాలని నేను నిర్ణయించుకున్నాను.

ఇప్పటికి ఆపా పోయి రెండు రంజాన్లు గడిచాయి. చివరి రోజుల్లో దబీర్‌పురా స్టేషన్ దగ్గర కూతురింట్లో ఉండేది. చూడటానికి వెళ్తే చూపు ఆనక, నా చేయి పట్టుకొని వేళ్ల చివరలు తడిమేది. “గట్టిగనే ఉన్నయ్, ఇంకా కుడుతున్నవా?” అనేది. నడుమల కలుపుతానన్న సేఠ్ మాట ఆ రోజు పట్టుకొని ఉండాల్సిందా అని ఇప్పటికీ ఒక్కోసారి ఆలోచిస్తాను. తేలదు. మందుల చీటీ చూసినప్పుడు తీసుకోవాల్సిందే అనిపిస్తుంది. ఆపా ముఖం గుర్తొస్తే వద్దు అనిపిస్తుంది. ఎన్నికలు మళ్లీ మళ్లీ వచ్చాయి, బ్యానర్లు కట్టారు, విప్పారు. సమానం అన్న మాట వినీ వినీ నా చెవులు అలసిపోయాయి.

నేను పైసా పైసా కూడబెట్టే మనిషిని. కొత్తిమీర కొసరు వేయనిదే కూరగాయల బండిని కదలనివ్వను. ఆటో వాడు నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. కానీ ఒక ఆడమనిషి తన చేతిపనికి ఇంత అని చెబితే నా నోట బేరం రాదు. రాబోతే ఆపా గొంతు అడ్డం పడుతుంది. మేడమీది కోడలు మొన్న ఒక జాకెట్టు తీసుకొని పైకి వెళ్తుంటే ఆపి అడిగాను, కూలి ఎంతని. “తర్వాత చూసి ఇస్తరంట అమ్మమ్మా” అంది. ముందు మాట, తర్వాత చెయ్యి అని చెప్పి వెనక్కి పంపించాను. మొహం ముడుచుకొని వెళ్లింది. నేనూ ఒకప్పుడు అలాగే ముడుచుకున్నాను.

జహాంగీర్ చూద్దాం అన్న మరుసటి పొద్దున మేము మెట్లెక్కేసరికి పరదా కిందికి దించి ఉంది. మగవాళ్లు మాకంటే ముందే వచ్చి కుడుతున్నారు. ఆపా తన చోట కూర్చొని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. మేమూ అలాగే కూర్చున్నాం. వాళ్ల వైపు పట్టీ ముందురోజే చాలావరకు నిండింది. కాసేపటికి అయిపోయింది. అలవాటు ప్రకారం తిప్పడానికి ఎవరో దూలం మీద తట్టారు. మేము లేవలేదు. మళ్లీ తట్టారు.

సేఠ్ పైకి వచ్చి పరదా లాగాడు. ఖాళీగా ఉన్న మా సగం చూశాడు, ఒళ్లోని మా చేతులు చూశాడు. అరవలేదు. మగవాళ్లలో ఇద్దరిని పిలిచి, “మీరు ఇటు రాండ్రి, గీ సగం మీరే నింపుండ్రి” అన్నాడు.

“గీ సగానికి ఏ కూలి సేఠ్? మాదా, వీళ్లదా?” అని అడిగాడు జహాంగీర్.

“మీదే. మొగోళ్లకు ఆడోళ్ల కూలి ఇస్తనా? తగ్గించుడు గిట్ల ఏం లేదు, పాత కూలే.”

జహాంగీర్ అక్క వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. అతను తల దించుకొని తన చోటనే ఉండిపోయాడు. పిలిచిన ఇద్దరూ సూదులు పట్టుకొని పరదా దాటి వచ్చారు. కూర్చోవడానికి చోటు లేదు.

“జర జరుగు ఆపా” అన్నాడు ఒకడు, మెల్లగా.

ఆపా లేచింది. మేమూ లేచి ఆమె వెనకే మెట్లు దిగాం.