పెద్ద నంబరు వద్దన్న నాగరత్నమ్మ

నిన్న ఉదయం బాగేపల్లిలోని మా వంటింటి మూల నుంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. అక్కడున్న ఎమ్‌సీబీ, అదే, కరెంటు భారం ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్చి, కొన్నాళ్ళుగా పడుతూనే ఉంది. మా ఆవిడ ముక్కు మూసుకుని, "మారుస్తారా, ఇల్లంటుకునేదాకా చూస్తా ఉంటారా?" అంది. "తొందరపడొద్దు, చూద్దాం" అన్నాను. అలా అనడం నాకు నేర్పింది నాగరత్నమ్మ.

చిక్కబళ్ళాపురం బజారులో ఆమెకు కరెంటు సామాన్ల అంగడి ఉండేది. నాకు మీసం మొలిచింది, నెరిసింది అందులో పనిచేస్తూనే. ఇటు చింతామణి దాకా నా అంత కరెంటు తెలిసినవాడు లేడని పేరు. సరే, ఆ పేరు పెట్టుకున్నది నేనే. నాకు తెలిసిందల్లా ఏ డబ్బా ఏ అరలో ఉందో అంతే.

ఒక చలికాలం పేరేసంద్ర నుంచి ఒక రైతు వచ్చాడు. కూతురు పురిటికి వచ్చిందట. పొద్దున్నే బాలింతకు హీటరుతో నీళ్ళు కాగబెడితే స్విచ్చి పడిపోతోందట. "పదహారు ఆంపులది తీసేసి ముప్పై రెండుది ఇయ్యప్పా. బిడ్డనెత్తుకొని చలిలో కూర్చోనుండాది" అన్నాడు. అతణ్ణి ఆపి ఆ ఇంటిని కాపాడింది నేనేనని మనవళ్ళకు చెబుతుంటాను. నిజానికి ముప్పై రెండు డబ్బా అప్పటికే నా చేతిలో ఉంది. ఆపింది నాగరత్నమ్మ.

"ఉండప్పా. హీటరు వేస్తానే పడతాండాదా, కాసేపు పోయినాక పడతాండాదా?"

"కాసేపు పోయినాకమ్మా. నీళ్ళు గోరువెచ్చనయ్యే వేళకి."

"అప్పుడు ఇంట్లో ఇంకేమి నడస్తాండాది?"

అతను తల గోక్కున్నాడు. "బాలింత గదిలో చలికని ఇంకో హీటరు పెట్టినాము."

"రెండు హీటర్లూ ఒకే తీగ మీద. పెద్ద నంబరు పెడితే స్విచ్చి పడదు, నిజమే. గోడలో తీగ లావవుతాదా? అది కాలతాది. బిడ్డ యాడ పండుకోనుండాది?"

"ఆ గోడ పక్కనే" అన్నాడతను. నాగరత్నమ్మ నా చేతిలోని డబ్బా లాక్కుని అరలో పెట్టేసింది.

"ఒకటి ఆర్పి ఒకటి వేసుకోండి. మేస్త్రీని పిలిచి నీళ్ళ హీటరుకు వేరే తీగ లాగించు" అని వట్టి చేతులతో పంపించింది. "వచ్చిన బేరం పోగొట్టితిరి కదమ్మా" అని సణిగాను. "స్విచ్చి పడేది అరుపే కదప్పా. అరిచేవాణ్ణే తంతే ఎట్ల? ఎందుకు అరస్తాండాడో వినొద్దా?" అని నవ్వింది.

అందుకే నిన్న నేనూ విన్నాను. ఫ్రిజ్జు, మిక్సీ, గీజరు అన్నీ తీసేశాను. ఒక్క ఫ్యాను మిగిలినా వాసన ఆగలేదు, కాసేపటికి స్విచ్చీ పడింది. ఇక అనుమానం ఆ స్విచ్చి మీదే. మెయిన్ ఆపేసి ఎలక్ట్రీషియన్ని పిలిచాను. నేనే విప్పానని రాద్దామనుకున్నాను గానీ, ఇది మా ఆవిడ కూడా చదువుతుంది. వదులైన స్క్రూ దగ్గర దాని ఒళ్ళు నల్లగా కరిగిపోయి ఉంది. "మార్చాల్సిందే తాతా. ఇంకొంచెం పెద్దది వేసేదా?" అన్నాడతను. ఒక్క అరుపు అరిచాను. అదే నంబరు వేశాడు.

నాగరత్నమ్మ చెడిపోయినవాటిని వెంటనే పారేయనిచ్చేది కాదు. గల్లా దగ్గరే కూర్చుని స్క్రూడ్రైవరుతో పగలగొట్టి లోపలికి తొంగిచూసేది. "ఎట్ల చచ్చిందో తెలుసుకోకుండా సాగనంపుతామా?" అనేది. ఆమే పోయి చాలా ఏళ్ళయింది. పొద్దుటి నుంచి నేను మా పాత ఎమ్‌సీబీని విప్పుతున్నాను. ఇప్పుడే అందులోంచి చిన్న స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోయింది. ఈ మోకాళ్ళతో వంగి వెతకాలి. అది ఏం పని చేసేదో తెలియకపోతే నాకు అన్నం సయించదు.