రెండు వందల నలభై పోగులు

సూరత్‌లోని బమ్రోలిలో ఒక మరమగ్గాల కార్ఖానాలో మార్కండేయ ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి పదిహేడేళ్ల వయసులో సూరత్ వచ్చాడు. ఎనిమిది మగ్గాలు ఒక్కడే చూసుకుంటాడు. అంత రొదలోనూ పోగు ఎక్కడ తెగిందో ఇట్టే పట్టేస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

కూతురు సంతోషి తెలుగు మీడియం బడిలో ఎనిమిదో తరగతి చదువుతోంది. క్లాసులో ప్రశ్న అడిగితే తల వంచుకుని నిలబడిపోయే పిల్ల. "నీతోని ఏమైతది తియ్" అని మార్కండేయ తరచూ అనేవాడు. ముద్దుగానే అంటున్నానని అనుకునేవాడు.

ఆ ఏడు సుభాషిణి టీచర్ ఎనిమిదో తరగతికి పెద్ద పనే పెట్టింది. ఇరవై ఇద్దరు పిల్లలూ కలిసి చేనేత మగ్గం కట్టాలి, దానిమీద గుడ్డ నేయాలి. బొమ్మ మగ్గం కాదు, మనిషి కూర్చుని నేసేది. పిల్లలు విరిగిన బెంచీల చెక్క పోగుచేశారు, రంపం పట్టడం నేర్చుకున్నారు. చట్రం మూడుసార్లు కూలి నాలుగోసారి నిలబడింది. పడుగు పోగులు రెండు వందల నలభై. వాటిని ఒక్కొక్కటిగా, దువ్వెనలా ఉండే అచ్చు పళ్ల సందుల్లోంచి లాగి కట్టే పని సంతోషికి పడింది. పదకొండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం తింటూ ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంటే తల్లి నర్సవ్వ ముద్ద మింగడం మరిచి చూసేది.

ఆదివారం తల్లిదండ్రులందరికీ చూపించాలి. శనివారం బడి వదిలాక టీచర్ మార్కండేయను పిలిపించింది.

"చట్రం గట్టిగా ఉందో లేదో ఒక్కసారి చూడండి. పోగులు మాత్రం ముట్టుకోకండి, అది పిల్లల పని" అని చెప్పి మీటింగుకు వెళ్లింది.

చట్రం బాగానే ఉంది. కానీ పోగులు చూడగానే మార్కండేయకు తల కొట్టేసినట్టయింది. కొన్ని అడ్డం పడ్డాయి, కొన్ని వదులు. నేసిన జానెడు గుడ్డ అంచు వంకరపోయింది. రేపు కార్ఖానా వాళ్లంతా వస్తారు. మార్కండేయ బిడ్డ పని గిట్లుందా అని నవ్వుతారు. ఆ ఒక్క ఆలోచనే అతన్ని నిలవనివ్వలేదు. కత్తెర తీసి పిల్లల గుడ్డ కోసేశాడు. మూడు గంటల్లో పోగులన్నీ మళ్లీ ఎక్కించి, జానెడు గుడ్డ నున్నగా నేసి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చాడు.

ఆదివారం హాలు నిండింది. కార్ఖానాలో అందరికంటే పెద్దవాడు రఘుపతి మగ్గం దగ్గరికొచ్చి వంగి చూశాడు.

"అబ్బ! గింత సాఫ్‌గ ఎవరు కట్టిన్రు? జర నేసి సూపియ్యి బిడ్డా."

సంతోషి మగ్గం మీద కూర్చుంది. పేక నూలు చుట్టిన నాడె చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"ఇది నేను కట్టింది కాదు" అంది.

"మరెవరు కట్టిన్రు?"

ఆమె ఒక ముడిని వేలితో తడిమి, తల ఎత్తి తండ్రికేసి చూసింది.  వెనక నుంచి ఒక పిల్ల అరిచింది: "ఈమెకు రాక వాళ్ల బాపుతోటి చేయించుకుంది. చీటింగ్ కియా!"

మిగతా పిల్లలూ అందుకున్నారు. టీచర్ వాళ్లను ఆపుతోంది. మార్కండేయ మూడో వరుసలో కూర్చుని ఉన్నాడు. లేచి ఒక్క మాట అంటే చాలు.  కానీ ఎదురుగా మగ్గం దగ్గర రఘుపతి ఉన్నాడన్న సిగ్గు అతన్ని కుర్చీకి కట్టేసింది. సంతోషి మగ్గం దిగి బయటికి నడిచింది.

ఇంటిదారిలో అడిగాడు, "నా పేరు ఎందుకు చెప్పలే?"

"నీ ముడి నాకు తెల్వదా బాపూ? నువ్వే చెప్తవనుకున్న."

సోమవారం పనికి నాగా పెట్టి బడికి వెళ్లాడు. ఇరవై ఇద్దరి ముందు నిలబడ్డాడు. 

"మీ గుడ్డ కోసింది నేనే. సంతోషికి తెల్వనే తెల్వదు. నా ఇజ్జత్ పోతదని చేసిన. నిన్న అందరి ముంగట నోరు మూసుకున్న. గది ఇంకా పెద్ద తప్పు."

 నిన్న అరిచిన పిల్ల లేచి, సంతోషి దగ్గరికెళ్లి నిలబడింది. "మళ్లీ కడదామా?" అని అడిగింది. సంతోషి తల ఊపింది.

మార్కండేయ కట్టిన పోగులన్నీ పిల్లలే విప్పేశారు. ఈసారి ఆరు రోజుల్లోనే కట్టారు. వారంలో సెలవు దొరికిన పూట అతను వచ్చి, వరండా బెంచీ మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. అడిగితేనే చెప్పేవాడు. పిల్లలు అడిగింది రెండుసార్లే. సంతోషి అడగలేదు.

నెలాఖరుకు నాలుగు గజాల గుడ్డ దిగింది. అంచు అక్కడక్కడా వంకరే. మళ్లీ తల్లిదండ్రులను పిలిచినప్పుడు ఆ వంకర ఎలా వచ్చిందో, దాన్ని ఎక్కడ సరిదిద్దుకున్నారో సంతోషి హిందీలోనూ తెలుగులోనూ గట్టిగా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. రఘుపతి మార్కండేయ భుజం తట్టి, "నీ బిడ్డ షేర్ రా, సింహం!" అన్నాడు. మార్కండేయ ఆయన మొహంలోకి చూడలేకపోయాడు. చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి, ఆ హక్కు తనకుందా అని ఒక్క క్షణం ఆగి, అందరికంటే ఆలస్యంగా కొట్టాడు.